చిన్నముక్కు ఆపరేషన్

ఆ సబ్బుల ఫ్యాక్టరీలో ఎన్ని వందల చేతులున్నా ముక్కు మాత్రం ఒక్కటే అని చెప్పుకునేవారు. డ్రమ్ముల్లో వచ్చిన నూనె మంచిదో కల్తీదో, ఏ సబ్బులో ఏ సెంటు ఎంత పడాలో ఆయన వాసన చూసి చెప్పేదాకా ఒక్క మిషనూ తిరిగేది కాదు. అందుకని ఆయన్ని అందరూ పెద్దముక్కు అనేవారు, చాటుగా కాదు, మొహం మీదే. అయినదానికీ కానిదానికీ చిర్రుబుర్రులాడే మనిషి ఆ పేరు వింటే మాత్రం మురిసి ముక్కలైపోయేవాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు. దానికి ఐదేళ్ళప్పుడే చిన్నముక్కు అని పేరు పడిపోయింది.

ఆ పేరు ఎలా పడిందో ఆ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ కాఫీ తాగుతూ వినాల్సిందే. ఒక సెలవురోజు నాన్న పది చిన్న సీసాలు చాప మీద వరసగా పెట్టి, కూతురి కళ్ళకు గంతలు కట్టి, "ఇందులో గులాబీ ఏదో తియ్యవే చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల ఒక్కో సీసా తడుముకుంటూ వెళ్ళి ఏడోదాన్ని పట్టుకుంది. అదే గులాబీ. పక్కనే ఉన్న అత్త, అంటే నాన్నకు అక్క, ముక్కున వేలేసుకుంది. ఆవిడ అదే ఫ్యాక్టరీలో సబ్బులకు కాగితం చుట్టే బల్ల దగ్గర పనిచేస్తుంది కాబట్టి మర్నాడు మధ్యాహ్నానికల్లా ఈ కబురు గేటు దగ్గర కాపలావాడి దాకా పాకింది.

కథంతా నిజమే. కాకపోతే ఆ ఏడో సీసా వెచ్చగా ఉంది. అంతకుముందు దాకా అత్త దాన్ని గుప్పిట్లో పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చుంది మరి. మిగతావన్నీ చల్లగా ఉన్నాయి, ఐదేళ్ళ పిల్ల చేతికి వెచ్చనిది నచ్చింది. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు నాన్న ఎత్తుకుని గాల్లోకి ఎగరేశాడు. అంత ఎత్తుకు వెళ్ళాక ఎవరికి మాత్రం దిగాలనిపిస్తుంది?

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. సాయంత్రం భోజనాలకు ముందు నాన్న చొక్కా జేబులోంచి సెంటులో ముంచిన కాగితపు ముక్కలు తీసి ఇచ్చేవాడు. ముందు అత్త వాసన చూసి ఒక మాట చెప్పాలి, తర్వాత అమ్మ, ఆఖరికి పిల్ల. చిన్నవాళ్ళు పెద్దల మాట వింటూ నేర్చుకోవాలని ఆయన సిద్ధాంతం. ఇంత తెలివైన మనిషికి అందులో ఉన్న కన్నం ఒక్కనాడూ కనపడలేదు. అత్త "నిమ్మతొక్క" అనేది, అమ్మ "కాస్త చేదుగా కూడా ఉందండీ" అనేది, పిల్ల కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని "చేదు నిమ్మ, అడుగున తడిచెక్క" అనేది. తడిచెక్క అన్న ముక్క సొంత కవిత్వం. నాన్న మొహం వెలిగిందంటే సరిపోయినట్టు, కనుబొమలు ముడిపడ్డాయంటే "కాదు కాదు, ఎండుచెక్క" అని దిద్దుకునేది. ఇలా ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చింది.

దాన్ని అబద్ధాలకోరు అనుకుంటే పాపం చుట్టుకుంటుంది. వాసన అంటే ఏమిటో దానికి నిజంగా తెలియదు. పుదీనా నలిపి పెట్టుకుంటే ముక్కులో చల్లగా గుచ్చుకునేది. నేల కడిగే మందు దగ్గరికెళితే చురుక్కుమనేది. ఇదే వాసన కాబోలు, మిగతావాళ్ళకు ఇది ఎక్కువగా తెలుస్తుంది, నాకు తక్కువగా తెలుస్తుంది, ఏదో ఒకనాడు నాకూ తెలుస్తుంది అనుకునేది. అడుగుదామంటే, ఈతగాళ్ళ ఇంట్లో పుట్టి నీళ్ళు ఎలా ఉంటాయని అడిగినట్టుంటుంది. సిగ్గేసి ఊరుకునేది.

పన్నెండో ఏట గురక మొదలైంది. ఏడాది తిరిగేసరికి ముక్కు పూర్తిగా మూసుకుపోయి నోటితోనే గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. నెలనెలా గొంతువాపు, జ్వరం. లోపల దుర్మాంసం పెరిగిందనీ, టాన్సిల్స్ కూడా చెడిపోయాయనీ, రెండూ ఒకేసారి తీసెయ్యొచ్చనీ డాక్టరు ఏనాడో చెప్పాడు. అందరికంటే భయపడింది నాన్నే. "ఆ ముక్కు మీద కత్తి పెట్టనిస్తానా?" అంటూ మూడేళ్ళు సాగదీశాడు. పిల్లకు మాత్రం లోపల్లోపల సంతోషంగా ఉండేది. ఇప్పుడు కాగితం ఇస్తే "ముక్కు మూసుకుపోయింది నాన్నా" అంటే సరిపోయేది. పైగా దానికి ఒక ఆశ కూడా పుట్టింది. అడ్డం ఉందట కదా, బహుశా పుట్టినప్పటినుంచీ అదే అడ్డమేమో, తీసేస్తే అందరిలా అయిపోతానేమో!

పిల్లకు పదహారు నిండిన సంవత్సరం ఫ్యాక్టరీలో వాసన గదిలో ఉండే ముసలి సహాయకుడు పని మానేస్తున్నట్టు తెలిసింది. ఆ గదిలో ఉండేవి రెండే కుర్చీలు. ఒకటి నాన్నది. రెండోది ఎవరిదవుతుందో యజమానికి వేరే చెప్పక్కర్లేదు, ఊరికే మూడు నెలల తర్వాత ఒక చిన్న పరీక్ష పెడతానన్నాడు. పిల్లకు చదువు అంతంతమాత్రం. లెక్కలంటే కడుపునొప్పి, చరిత్ర అంటే తలనొప్పి. ఆ కుర్చీ ఒక్కటే తనదని అది చిన్నప్పటినుంచి నమ్ముకున్నది. నాన్న ఇక ఆగలేదు, మర్నాడే కూతుర్ని వెంటబెట్టుకుని చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరు బక్కపలచని మనిషి, నిదానస్తుడు. సన్నటి గొట్టం ముక్కులో పెట్టి చూశాడు, గొంతు చూశాడు, స్కాను ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూశాడు. "గాలి ఆడకపోవడం, గురక, గొంతునొప్పులు, ఇవి తగ్గుతాయని గట్టిగా చెప్పగలను. వాసన సంగతి ఒకటి అడగాలి. ఈ దుర్మాంసం రాకముందు, చిన్నప్పుడు వాసన బాగా తెలిసేదా?"

"భలేవారండీ!" అన్నాడు నాన్న. "ఐదేళ్ళకే పది సీసాల్లోంచి గులాబీ తీసిన పిల్లండీ ఇది!" అని మొత్తం కథ చెప్పాడు, చాప రంగుతో సహా.

డాక్టరు పిల్లవైపు తిరిగాడు. "అవునా అమ్మా? బాగా తెలిసేదా?"

పిల్ల నాన్న మొహం చూసింది. తల ఊపింది. ఆ ఊపడమే కొంప ముంచింది.

"అలా అయితే దారి మూసుకుపోవడం వల్లే ఆగిపోయి ఉంటుంది. తీసేస్తే చాలావరకు తిరిగి రావాలి. హామీ ఇవ్వను, ఆశ మాత్రం ఉంది," అన్నాడు డాక్టరు. నాన్న చెవికి ఆశ అన్న మాట ఒక్కటే ఎక్కింది.

బయటికి వచ్చేటప్పుడు నర్సు ఒక అచ్చుకాగితం చేతిలో పెట్టింది. ఆవిడ గొంతు గరుకు, మనసు మెత్తన. "ఇదిగో, ఏ రోజు ఏమవుతుందో అన్నీ రాసి ఉన్నాయి. తర్వాత ఫోన్ చేసి అయ్యో ఇదేంటి అదేంటి అని నా ప్రాణం తియ్యకూడదు." పిల్ల ఆ కాగితాన్ని పాఠాలకు ఎన్నడూ కూర్చోనంత శ్రద్ధగా కూర్చుని బట్టీపట్టింది. అన్నింటికంటే ఆరో రోజు దగ్గర రాసింది దానికి నచ్చింది. ఆరో రోజుకి గొంతులో తెల్లటి పొర కడుతుంది, నోరు బాగా కంపు కొడుతుంది, గాబరాపడొద్దు, మానుతోందని గుర్తు. సరే, తనకు తెలియబోయే మొట్టమొదటి వాసన కంపే అయితేనేం? కంపుతోనే మొదలుపెడదాం అనుకుని నవ్వుకుంది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే వెళ్ళారు. చుక్క నీళ్ళు కూడా తాగనివ్వలేదు. వెనకాల నాడాలు కట్టుకునే పొడుగాటి గౌను ఇచ్చారు. ఎంత కట్టుకున్నా వీపు వెనక గాలి తగులుతూనే ఉంది. నర్సు చేతికి సూది గుచ్చి, గోళ్ళరంగు ఉందేమోనని వేళ్ళన్నీ చూసి, "పెళ్ళికూతురిలా ముస్తాబై రాలేదు, సంతోషం," అంది. అమ్మ గుమ్మం దాకా చెయ్యి పట్టుకునే నడిచింది. నాన్న మాత్రం గోడవైపు తిరిగి క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

లోపల చలి. పైన పెద్ద గుండ్రటి దీపాలు. మత్తు ఇచ్చే ఆవిడ మూతికి మాస్కు పెట్టి, "ప్లాస్టిక్ వాసన వస్తుంది, ఏం కాదు. వస్తోందా?" అంది.

"ఆఁ, వస్తోందండీ," అంది పిల్ల, అలవాటు కొద్దీ. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. ఏడు దాకా గుర్తుంది.

లేచేసరికి గొంతులో ఎవరో గాజుపెంకులు పోసినట్టుంది. ఉమ్మి మింగాలంటే ప్రాణం పోయి వచ్చేది. ముక్కు నిండా దూది పట్టీలు, ముక్కు కింద చిన్న గుడ్డ, దాని మీద ఎర్రటి మరకలు. ఒకసారి నల్లగా వాంతి అయితే అమ్మ బెదిరిపోయింది. "మింగిన రక్తమేనమ్మా, కాగితంలో మూడో లైను," అంది నర్సు, తల కూడా ఎత్తకుండా. పిల్లకు అది ముందే తెలుసు. మాట్లాడే వీల్లేదు కాబట్టి అమ్మ చెయ్యి నొక్కి ఊరుకుంది.

మూడో రోజు పట్టీలు తీశారు. నర్సు ఒక కొస పట్టుకుని లాగుతుంటే అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. మెదడు కూడా దాని వెంటే వచ్చేస్తుందేమో అనిపించింది. తీసిన వెంటనే, మూడేళ్ళ తర్వాత మొదటిసారి, ముక్కులోంచి గాలి లోపలికి పోయింది. చల్లగా, సూటిగా, కళ్ళ వెనక దాకా పోయింది. పుదీనా నలిపినప్పటి చల్లదనమే, కాకపోతే పుదీనా లేకుండానే! పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాన్నా, వస్తోంది," అంది బొంగురు గొంతుతో. "వాసన వస్తోంది నాన్నా."

పెద్దముక్కు ఆస్పత్రి వరండాలో అందరి ఎదుటా వెక్కివెక్కి ఏడ్చాడు. సాయంత్రానికి ఫ్యాక్టరీ మొత్తానికి తెలిసింది.

తర్వాతి రెండు రోజులూ చల్లటి పాలతోనూ ఐసుముక్కలతోనూ గడిచాయి. కోసింది గొంతులో అయితే పోటు చెవిలో వచ్చింది. అదీ కాగితంలో ఉంది. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, పూటపూటకీ ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవాలి. అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. ఆరో రోజు కోసం పండగకి ఎదురుచూసినట్టు చూసింది.

ఆరో రోజు పొద్దున అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంది. తెల్లటి పొర, కాగితంలో రాసినట్టే. అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊది, ముక్కుతో పీల్చింది. చల్లగా ఉంది. అంతే. మళ్ళీ ఊదింది. ఇరవైసార్లు ఊది ఉంటుంది, తల తిరిగి మంచం మీద కూలబడింది. అప్పుడే అమ్మ పాలగ్లాసు తీసుకుని వచ్చింది, నుదురు ముట్టుకుందామని వంగి, చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంది.

"అమ్మా, కంపు కొడుతోందా?"

"ఛ, లేదే తల్లీ," అంది అమ్మ. అంటూనే వెళ్ళి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

పిల్ల ఆ కిటికీ వైపే చూసింది. అమ్మకు గది అవతలి నుంచే తెలుస్తున్నది తనకు తన నోట్లో ఉండి కూడా తెలియడం లేదు. మూడో రోజున తాను వాసన అనుకున్నది వాసన కాదని దానికి ఆ కిటికీ దగ్గర అర్థమైంది. అయినా ఆశ ఒక పట్టాన వదలదు కదా. వాపు తగ్గాలేమో, ఇంకా పదిరోజులు చూద్దాం, ఇంకో పదిరోజులు చూద్దాం అనుకుంటూ లాక్కొచ్చింది. ఈలోగా నాన్న కాగితపు ముక్కలు తెచ్చి, "తొందరేం లేదు, మెల్లగా," అంటూనే ముక్కు కింద పెట్టేవాడు. "కొంచెం కొంచెం తెలుస్తోంది నాన్నా," అనేది. ఆయన సంతోషం చూస్తే దానికి పాలు కూడా గొంతు దిగేవి కావు, గొంతు మానిపోయినా సరే.

నెలరోజులకు డాక్టరు గొట్టం పెట్టి చూసి, "లోపల అద్దంలా ఉంది. గురక పోయిందా? నిద్ర పడుతోందా?" అన్నాడు. అన్నీ పోయాయి, అన్నీ బాగున్నాయి. నాన్న మందులచీటీ పట్టుకుని కిందికి వెళ్ళగానే పిల్ల తలుపు వైపు ఒకసారి చూసి, గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. సీసా వెచ్చగా ఉండటం, అత్త ముందు చెప్పడం, నాన్న కనుబొమలు, అన్నీ. "పుదీనా ఒక్కటే తెలుస్తుందండీ నాకు. నిజంగా. అది మాత్రం చిన్నప్పటినుంచీ తెలుస్తుంది."

డాక్టరు కలానికి మూత పెట్టి పక్కన పెట్టాడు. "పుదీనా చల్లదనం వాసన కాదమ్మా," అన్నాడు మెత్తగా. "కంట్లో కారం పడితే మండుతుందే, అలాంటిది. ఆ నరం వేరు."

ఉన్న ఆ ఒక్కటీ పోయింది.

వారం తర్వాత ఇంకో స్కాను తీశారు. ఈసారి నాన్న కూడా ఎదురుగా కూర్చున్నాడు. మెదడు కింద, ముక్కు పైన, వాసనను పట్టుకునే రెండు చిన్న మొగ్గలు ఉండాలని, ఈ అమ్మాయికి అవి పుట్టుకతోనే లేవని, దుర్మాంసానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నాన్న మందు అడిగాడు. డాక్టరు లేదన్నాడు. ఇంకో ఆపరేషన్ చెయ్యమన్నాడు. లేనిదాన్ని బాగుచేయలేమన్నాడు. ఎప్పటికైనా వస్తుందా అన్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

మెట్లు దిగుతుండగా నాన్న ఆగాడు. "మరి గులాబీ?"

"అది వెచ్చగా ఉంది నాన్నా. అత్త పట్టుకుని కూర్చుంది."

తిడతాడనుకుంది. కొట్టినా బాగుండు అనుకుంది. ఆయన రెండు మెట్ల కింద నిలబడి, కూతుర్ని ఇంతకుముందు ఎక్కడా చూడనట్టు చూశాడు. తర్వాత ముందుకు నడిచాడు. దారంతా ఆయన వెనకే నడిచింది, కలిసి నడవడానికి కాళ్ళు రాలేదు.

ఇంట్లో అమ్మా అత్తా గుమ్మంలోనే ఉన్నారు. "ఏమన్నాడ్రా?" అంది అత్త.

నాన్న చెప్పులు విప్పుతూ, తల వంచుకునే అన్నాడు. "పాడు చేశాడక్కా. లోపల ఏదో తెగ్గోశాడు. ఇంక రాదట."

అత్త గుండెలు బాదుకుంది. అమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. పిల్ల నోరు తెరిచింది. ఆ డాక్టరు ఎంత మంచివాడు, ఎంత శుభ్రంగా చేశాడు, రాత్రులు హాయిగా నిద్ర పట్టేది ఎవరి పుణ్యాన? చెప్పాలి. అప్పుడు నాన్న తలెత్తి చూశాడు. కసురుతున్న చూపు కాదు. అడుక్కుంటున్న చూపు. యజమాని ముందు కూడా తల వంచని మనిషి కళ్ళల్లో అలాంటి చూపు అది ఎన్నడూ చూడలేదు. లేని ముక్కుకు తండ్రి కావడం కంటే పోయిన ముక్కుకు తండ్రి కావడం ఆయనకు కాస్త తేలిక. పిల్ల నోరు మూసుకుంది. ఇంక జన్మలో ఆ విషయం ఎవరికీ చెప్పలేనని ఆ క్షణానే దానికి తెలిసిపోయింది. ఏడుపు మాత్రం రాలేదు.

రెండో కుర్చీ యజమాని దూరపు బంధువు ఎవరికో వెళ్ళింది. చిన్నముక్కుని కాగితాలు చుట్టే బల్ల దగ్గర అత్త పక్కన పెట్టారు. యజమాని జాలిపడి ఇచ్చిన పని. మొదటిరోజే బల్ల దగ్గరి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఒకావిడ ఆ డాక్టరు చేతులు విరిగిపోవాలని శాపనార్థాలు పెట్టింది. ఇంకొకావిడ, "ఎంత ముక్కు, ఎంత బంగారంలాంటి ముక్కు!" అంటూ దాని గడ్డం పట్టుకుంది. చేతిలోని సబ్బుకి మడతలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకుంటూ అది అన్నింటికీ తల ఊపింది. నాన్న ఏదో పని మీద అటు వచ్చి తలుపు దగ్గర ఆగిపోయాడు.

అత్త పైటకొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది. "పోనీలేవే తల్లీ, పోయింది పోయింది. పోకముందువి కొన్నైనా గుర్తున్నాయా? మా నాన్నకి ముసలితనంలో వాసన తెలియకుండా పోయినా పాతవి చివరిదాకా గుర్తుండేవి."

పిల్ల తలుపు వైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

"గుర్తున్నాయి అత్తా," అంది.

"ఏవి?"

"నాన్న చొక్కా."

అత్త భోరుమంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళొత్తుకున్నారు. తలుపు దగ్గర నాన్న లేడు, ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు. అప్పుడు ఏడుపొచ్చింది దానికి, ఇన్ని రోజులకు, ఆపుకోలేనంతగా. ఏడవనీ పాపం, పోయినదాని కోసం ఏడుస్తోంది అని అందరూ పనుల్లోకి వెళ్ళిపోయారు.